కాలదోషం పట్టిన బాకీ

ఒక తెలుగు సినిమా పాటని డిస్కు మీదికి ఎక్కించి పక్కింటివాళ్ళకి ఇవ్వడం, ఆ మాటకొస్తే వెయ్యి డిస్కులు చేసి రోడ్డు పక్కన పట్టా పరుచుకుని అమ్ముకోవడం, రంగూన్‌లో డెబ్బై అయిదేళ్ళ పాటు నేరం కాదు. పోలీసులు కళ్ళు మూసుకోబట్టి కాదు. చట్టమే అలా ఉండేది.

బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రంగా ఉన్నప్పుడు, 1914లో, అందరికీ కలిపి ఒక కాపీరైటు చట్టం చేశారు. 1937లో బర్మా వేరుపడినప్పుడు ఆ చట్టం కూడా అన్నదమ్ముల పంపకాల్లో పాత బీరువాలాగా వాళ్ళ వాటాకి వెళ్ళింది. మనవాళ్ళు 1957లో కొత్తది రాసుకున్నారు. బర్మావాళ్ళు ఆ బీరువానే వాడుకున్నారు. 2019లో కొత్త చట్టం చేశారు గానీ అది అమల్లోకి వచ్చింది 2023 అక్టోబరు 31న. గ్రామఫోను కాలంలో రాసిన కాగితం సెల్ ఫోన్ల కాలం దాకా కాపలా కాసిందన్నమాట. మొదటిసారి పట్టుబడితే దాని ప్రకారం శిక్ష కాపీకి ఇరవై రూపాయలు మించకుండా జరిమానా, మొత్తం కలిపి అయిదు వందలు మించకూడదు. అదైనా ఆ దేశంలో మొదట వెలువడిన వాటికే. 1948లో స్వతంత్రం వచ్చాక మద్రాసు స్టూడియోలో రికార్డయిన పాట అక్కడి కోర్టు దృష్టిలో ఎవరి సొత్తూ కాదు.

నేరం కాదు సరే. మరి తప్పా కాదా? విచిత్రం ఏమిటంటే, ఈ ప్రశ్న నాకు దొంగ పాటల దగ్గర తగల్లేదు. డబ్బు కట్టి, రసీదు తీసుకుని, అక్షరాలా చట్టప్రకారం నెట్‌లో దింపుకున్న పాటల దగ్గర తగిలింది.

నేను 2010 నుంచి 2021 దాకా అక్కడ ఉన్నాను. బయిన్నౌంగ్ మార్కెట్లో మినుములూ పెసలూ కందులూ కొని ఇండియాకి పంపే ఒక కంపెనీలో లెక్కలు రాసేవాణ్ణి. మీరు హైదరాబాదులో తిన్న మినపట్టులో పప్పు బర్మాలో పండి ఉండడానికి చాలా అవకాశం ఉంది, ఆ సంగతి ఎవరూ చెప్పరు. 1989 నుంచీ ఊరి పేరు యాంగోన్. మా శ్రీకాకుళం వైపు పాతవాళ్ళకి మాత్రం అది ఎప్పటికీ 'రంగం'. మా తాతగారి తరంలో అప్పు చేసినవాడూ, ఇంట్లో దెబ్బలాడినవాడూ, పొలం పోగొట్టుకున్నవాడూ అందరూ ఓడెక్కి రంగం వెళ్ళేవారు. కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్ళు మనల్ని 'కోరంగీ'లనేవారు. రేవులో మూటలు మోసిందీ, రిక్షాలు లాగిందీ చాలావరకు మనవాళ్ళే. 1931 జనాభా లెక్కల నాటికి ఆ ఊళ్ళో సగం మందికి పైగా భారతీయులు. 1942లో జపాన్ బాంబులు పడ్డప్పుడు కొందరు కాలినడకన వచ్చేశారు. 1964లో వ్యాపారాలు జాతీయం చేసి, పెద్ద నోట్లు రద్దు చేశాక లక్షల మంది వచ్చేశారు. రాలేనివాళ్ళు, రావడానికి ఇక్కడ ఎవరూ లేనివాళ్ళు ఉండిపోయారు. తర్వాతి ఏడాది ప్రైవేటు బళ్ళన్నీ ప్రభుత్వం తీసేసుకుంది. అప్పట్నించీ తెలుగు ఇంట్లో, గుళ్ళో, చర్చిలో బతకవలసి వచ్చింది. పాటలో కూడా.

ఆ పాట ఎలా చేరేదో విన్నాక కాపీ అన్న మాట మీద నాకు ముందున్న చులకన పోయింది. ఇండియా నుంచి ఎవరో ఒకరు ఒక క్యాసెట్టు తెస్తే దాన్నుంచి ఇంకోటి, దాన్నుంచి ఇంకోటి. ప్రతి కాపీకీ కొంత గొంతు తగ్గి కొంత బుస పెరుగుతుంది. ఆరో ఏడో కాపీ దగ్గరికి వచ్చేసరికి వర్షంలో ఎవరో దూరంగా పాడుతున్నట్టుంటుంది. అయినా వినేవారు. మా వీధిలో ఒక మామ్మగారు ఉండేవారు. రంగంలోనే పుట్టి, ఒక్కసారి కూడా ఇండియా చూడని మనిషి. ఘంటసాల గొంతు అలా బుసలోంచే వస్తుందని చాలా ఏళ్ళు అనుకున్నారట.

2012లో ఫ్లిప్‌కార్ట్ వాళ్ళు 'ఫ్లైట్' అని పాటలు అమ్మే కొట్టు నెట్‌లో పెట్టారు. పాట ఆరు రూపాయల నుంచీ. అదే ఏడాది డిసెంబరులో ఆపిల్ వాళ్ళ ఐట్యూన్స్ కొట్టు ఇండియాలో తెరిచారు, పాట పన్నెండు రూపాయల నుంచీ. ఫ్లైట్ ఏడాదిన్నర కూడా నిలవలేదు, 2013 జూన్‌లో మూసేశారు. ఊరికే దొరికేదాన్ని ఆరు రూపాయలకి కూడా జనం కొనరని అప్పుడు అందరూ అన్నారు. కానీ హైదరాబాదులో ఉండే మా మేనల్లుడు కొనేవాడు. వాడిదో పట్టుదల. సాఫ్ట్‌వేర్ రాసి బతికేవాణ్ణి, ఇంకోడు రాసింది దొంగిలిస్తే నా ముఖం నేను అద్దంలో చూసుకోలేను మావయ్యా అనేవాడు. నేను డబ్బు పంపేవాణ్ణి, వాడు కొని దింపి ఉంచేవాడు. సెలవులకి వెళ్ళినప్పుడు లాప్‌టాప్‌లో వేసుకుని తెచ్చుకునేవాణ్ణి. రంగూన్ నుంచి దింపడం అయ్యే పని కాదు. ఒక్కో పాట ఎనిమిది తొమ్మిది మెగాబైట్లు. అక్కడి నెట్ సెంటర్లో కూర్చుంటే పల్లవి ఇవాళ, చరణం రేపు. పైగా 2012 చివరిదాకా విదేశీ బ్యాంకు కార్డంటే ఆ దేశంలో ప్లాస్టిక్ ముక్కే. ఉన్నచోటే ఉండి చట్టప్రకారం ఒక పాట కొనాలనుకున్న మనిషికి దారే లేదు.

మామ్మగారింట్లో ఉన్నది పాతకాలపు సీడీ ప్లేయరు. ఎంపీత్రీ ఎరగదు. అందుకని పాటల్ని మామూలు ఆడియో సీడీగా మార్చి రాయాలి. డిస్కుకి ఎనభై నిమిషాలు, అంటే పాత పాటలైతే ఇరవై పైచిలుకు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్ళో, లాప్‌టాప్ బ్యాటరీ నిండా ఎక్కించుకుని, తక్కువ వేగంతో రాసేవాణ్ణి. మధ్యలో ఆగిపోతే ఆ డిస్కు టీ గ్లాసు కింద పెట్టుకోవడానికే. ఇంగ్లీషువాడు డిస్కుని కాలుస్తాడు, మనం 'రైట్' చేస్తాం. తెలుగులో చమత్కారం చూడండి, రాయడమూ రైటే, హక్కూ రైటే, ఒప్పూ రైటే. సీడీ రైట్ చేయడం కాపీరైటు ప్రకారం రైటేనా అని అడిగితే తెలుగువాడికి తప్ప ఎవరికీ నవ్వు రాదు.

మొదటి డిస్కు పెట్టి వినిపించినప్పుడు ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. బుస లేదు. వెనక వీణ ఉందని, తబలా ఉందని అప్పుడే తెలిసిందన్నారు. తర్వాత చీర కొంగు ముడి విప్పి అయిదు వందల చాట్ల నోటు తీశారు. బర్మా డబ్బుని క్యాట్ అని రాస్తారు, చాట్ అని పలుకుతారు. నేను వద్దన్నాను.

"నీకు కాదు బాబూ," అన్నారు. "పాడినోలకి ఏటైనా ఇచ్చినావా?"

"కొట్టువాడికి కట్టాం మామ్మా. అందులోంచి వాళ్ళకి వెళ్తుంది."

"నాను ఇవ్వలేదు గదా. ఇన్నది నాను గదా. ఇది కూడా ఆలకే పంపీ."

లెక్కలు రాసేవాడికి ఇంతకంటే చిక్కు ప్రశ్న ఉండదు. ఆవిడ డబ్బు నేను తీసుకుంటే నేను పాటలు అమ్మినవాణ్ణవుతాను. తీసుకోకపోతే ఆవిడ బాకీ పడుతుంది, ఆవిడకి అది ఇష్టం లేదు. పంపుదామంటే పుచ్చుకునేవాడు లేడు. ఏ కంపెనీ చిరునామాకి అయిదు వందల చాట్లు పంపి, ఒక ముసలామె ఒక పాట విన్నదండీ, జమ వేసుకోండి అని రాయగలం?

ఇక్కడ నేను కొన్నదేమిటి అన్న సంగతి చూడాలి. పాత గ్రామఫోను రికార్డు కొంటే అది నా వస్తువు. అరువిస్తాను, బహుమతి ఇస్తాను, పోయాక మా పిల్లలు పంచుకుంటారు. ఎవరూ ఏమీ అనరు. నెట్‌లో కొన్న పాట అలా కాదు. కొట్టువాడి షరతుల్లో అది నా సొంత వాడకానికి మాత్రమే. ఇంకొకరికి ఇవ్వడమంటే కాపీ చేయడమే, వేరే విధంగా ఇవ్వడం దానికి చేతకాదు. 2003లో ఐట్యూన్స్ కొట్టు అమెరికాలో మొదలైనప్పుడు ఒక పాటల జాబితాని పదిసార్లు డిస్కుకి ఎక్కించుకోవచ్చన్నారు. మరుసటి ఏడాది ఏడుసార్లు చేశారు. ఏడే ఎందుకో నాకు అర్థం కాలేదు, ఏడు అడుగులో ఏడు కొండలో లెక్కలోకి తీసుకున్నట్టు లేదు. 2009లో ఆ తాళాలు తీసేశారు. తాళం పోయింది గానీ షరతు ఉండిపోయింది. సొంత వాడకం అంటే ఎంతవరకు? కొన్నది మేనల్లుడు, విన్నది నేను. అప్పుడే ఒక చెయ్యి దాటింది. మా చిన్నప్పుడు వీధికొక రేడియో ఉండేది, అరుగు మీద పెట్టి పెంచేవారు, అది విననివాడు చెవిటివాడే. ఆ అరుగు మీద పెరిగినవాడికి 'వ్యక్తిగత వినియోగం' అన్న మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెప్పడం కష్టం.

మామ్మగారికి ఇవ్వడాన్ని నేను ఒక వాదంతో సమర్థించుకున్నాను, ఇప్పటికీ అది సరైనదనే అనుకుంటున్నాను. ఆవిడ కొనగలిగిన కొట్టు భూమ్మీద లేదు. కాబట్టి నేను ఇచ్చినందువల్ల ఎవరి బేరమూ పోలేదు. కాకపోతే ఈ వాదం మహా జారుడు వాదం. ఎందుకంటే కాపీ చేసే ప్రతివాడూ ఇదే చెబుతాడు. అందుకని దానికి ఒక పరీక్ష పెట్టుకోవాలి. రేపు కొట్టు తెరిస్తే మానేస్తావా? రంగూన్‌లో ఆ రేపు నా కళ్ళముందే వచ్చింది. వేల డాలర్లు పలికిన సిమ్ కార్డు 2014లో రెండు విదేశీ కంపెనీలు వచ్చేసరికి పదిహేను వందల చాట్లకి దిగింది. ఏడాది తిరిగేసరికి చేపలమ్మే ఆవిడ చేతిలో కూడా ఫోను. కొట్లు లేవు కాబట్టి కాపీ చేస్తున్నాం అన్నవాళ్ళు కొట్లు వచ్చాకా కాపీలే చేశారు. ఫోను నుంచి ఫోనుకి నెట్ అక్కర్లేకుండా పాటలు పంపే చైనా యాప్ ఒకటి ఊరంతా వాడేది, దాని పేరు 'జాప్యా'. తెలుగులో ఆ మాటకి అర్థం తెలిసిన నాలాంటివాడికి నవ్వొచ్చేది గానీ, అది ఏ జాప్యమూ లేకుండా పనిచేసేది. వాళ్ళని తిట్టడం నా ఉద్దేశం కాదు. గతిలేక అని మొదలుపెట్టిన పని గతి వచ్చాకా సాగితే, అప్పుడిక గతిలేక అనకూడదు, అంతే.

అనవ్‌రతా రోడ్డు దగ్గర డిస్కులు అమ్మే తెలుగు కుర్రాడొకడు ఉండేవాడు. మూడో తరంవాడు. ఇంట్లో తెలుగు, వీధిలో బర్మీస్, బేరానికి హిందీ. మామ్మగారి దగ్గర విని నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఆ డిస్కు ఒక్కసారి ఇస్తే కాపీలు చేసుకుంటానన్నాడు. నేను ఇవ్వనన్నాను.

"మీరు మామ్మకి ఇస్తే పుణ్యం, నేను పదిమందికి అందిస్తే పాపమా అన్నయ్యా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే. "నేను పాటకి డబ్బు తీసుకోవడం లేదు. డిస్కుకీ కరెంటుకీ తీసుకుంటున్నాను. బగో, మొలమైన్ వైపు మనవాళ్ళ ఊళ్ళున్నాయి. అక్కడికి మీరు వెళ్తారా?"

వెళ్ళను. ఆ సంగతి వాడికీ తెలుసు. అయినా ఇవ్వలేదు, ఇప్పుడడిగినా ఇవ్వను. నా లెక్క ఇది. ఊరికే ఇచ్చినచోట పంచడానికి ఏమీ లేదు. అమ్మినచోట డబ్బు చేతులు మారింది. డబ్బు చేతులు మారినచోట డిస్కు చేసినవాడికి, కరెంటువాడికి, ఫుట్‌పాత్ మామూలు వసూలు చేసేవాడికి వాటా ఉండి, పాడినవాడికి ఒక్కడికే లేదంటే ఆ పద్దు తప్పు. వాడు దానికీ ఒప్పుకున్నాడు. "వాటా ఇస్తాను. ఎవరికి ఇవ్వాలో చెప్పండి," అన్నాడు. మళ్ళీ మామ్మగారి నోటు దగ్గరికే వచ్చాం. అడిగేవాడు లేడు, పుచ్చుకునేవాడు లేడు. నా మాట నెగ్గింది గానీ ఆ ఊళ్ళవాళ్ళు ఆ బుస క్యాసెట్లే విన్నారు. నా నీతికి అయిన ఖర్చు వాళ్ళు పెట్టుకున్నారు. ఆ ఖర్చు దాచిపెట్టి నీతి మాత్రం చూపించడం లెక్కలవాడికి తగదు.

వాడి పక్క బండి బర్మావాడిది. అందులో ఎప్పుడూ 'కాపీ తచ్చిన్' మోగేవి. తచ్చిన్ అంటే పాట. ఇంగ్లీషు వరసో, చైనీస్ వరసో, హిందీ వరసో తీసుకుని బర్మీస్ మాటలు పెట్టిన పాటలు. దశాబ్దాల పాటు వాళ్ళ సినిమాయేతర సంగీతంలో పెద్ద భాగం అదే. హెదర్ మక్లాక్లన్ అనే ఆవిడ 2011లో బర్మా పాప్ సంగీతం మీద వేసిన పుస్తకంలో వీటి గురించి చాలా రాసింది. సొంత వరసలు కట్టేవాళ్ళకి అక్కడ వేరే పేరూ వేరే గౌరవమూ ఉన్నాయి. అయినా కాపీ పాటని దొంగతనమని మా వీధిలో ఎవరూ అనగా నేను వినలేదు. మంచి మాటలు కూర్చడం కూడా పనే కదా అనేవారు. మనకి నవ్వే హక్కు లేదు. మన పాత సినిమాల్లో హిందీ వరసల మీద తెలుగు మాటలు ఎన్ని లేవు? ఉత్తరాంధ్ర పల్లెపదాలు ఎన్ని సినిమాలకెక్కి, ఎవరెవరి పేరు మీద రికార్డులయ్యాయి? నాట్లు వేస్తూ ఆ పదాలు కట్టినవాళ్ళ మనవలే రంగం వెళ్ళారు. వాళ్ళ పాట వాళ్ళకి ఊరికే వెళ్తే తప్పేమిటి అని ఒక మిత్రుడు నాతో గట్టిగా వాదించాడు. వినడానికి చాలా బాగుంది. కాకపోతే ఒకడి బాకీని ఇంకొకడి జమలో చూపించలేం. జానపదుడికి సినిమావాడు బాకీ ఉంటే ఉండవచ్చు. దానికి వయొలిన్ వాయించినవాడి కూలి కోత పెట్టడం న్యాయం కాదు.

ఇంతకీ నేను కట్టిన పన్నెండు రూపాయలు ఎవరికి చేరాయి? "అందులోంచి వాళ్ళకి వెళ్తుంది" అని మామ్మగారికి చెప్పాను. మన సినిమా పాట చరిత్రలో చాలాకాలం గాయకుడికి ఇచ్చేది ఒక్కసారి పారితోషికం, అంతటితో సరి. 1960ల మొదట్లో దీని మీదే లతా మంగేష్కర్‌కీ మహమ్మద్ రఫీకీ మాటలు ఆగిపోయాయి. రాయల్టీలో గాయకులకి వాటా ఉండాలని ఆవిడ, పాడినందుకు డబ్బు తీసుకున్నాక ఇంక హక్కేమిటని ఆయన. కొన్నేళ్ళు కలిసి పాడలేదు. ఇద్దరిలో ఎవరు చెడ్డవారు? నాకు ఇద్దరూ అర్థమవుతారు. రఫీది కూలివాడి నిజాయితీ, లతది హక్కుదారు నిజాయితీ. 2012లో పార్లమెంటు చట్టాన్ని సవరించి రచయితలకీ స్వరకర్తలకీ గాయకులకీ రాయల్టీ హక్కు గట్టిపరిచింది. సరే, అక్కడితో గొడవ తీరిందా? 2017 మార్చిలో అమెరికాలో కచేరీలు చేస్తున్న బాలసుబ్రహ్మణ్యంగారికి, తన పాటలు అనుమతి లేకుండా పాడవద్దని ఇళయరాజాగారి తరఫు లాయరు నోటీసు వచ్చింది. ఆ పాటలు ఆయన గొంతులోంచే లోకంలోకి వచ్చాయి. ఆ వారం మా బోటివాళ్ళ ఇళ్ళలో ఎన్ని వాదనలు జరిగాయో. స్వరం కట్టినవాడిదా, గొంతు ఇచ్చినవాడిదా? చట్టప్రకారం ఆ నోటీసుకి బలముంది. 2019లో ఇద్దరూ మళ్ళీ ఒక వేదిక మీద కనిపించేదాకా మా ఇంట్లో ఆ వాదన తెగలేదు.

మామ్మగారి డిస్కులో 'మాయాబజార్' పాటలున్నాయి. సినిమా 1957ది. ఇండియా చట్టంలో రికార్డింగు హక్కు వెలువడిన ఏడాది తర్వాత అరవై ఏళ్ళు. అంటే 2017తో సరి. 2013లో నేను డబ్బు కట్టిన రికార్డింగే 2018 జనవరి 1 నుంచి ఎవరి సొత్తూ కాదు. కానీ మాటలు రాసినవారూ వరస కట్టినవారూ పోయాక అరవై ఏళ్ళు వాళ్ళ హక్కు ఉంటుంది. పింగళి నాగేంద్రరావుగారు 1971లో పోయారు, అంటే మాటలు 2031 చివరిదాకా. ఘంటసాలగారు 1974లో పోయారు, ఆయన కట్టిన వరసలు 2034 చివరిదాకా. సాలూరి రాజేశ్వరరావుగారు మొదట కొన్ని వరసలు కట్టి తప్పుకున్నారంటారు. ఆయన పోయింది 1999లో కనక ఆ వరసలు 2059 చివరిదాకా. ఒకే పాటలో గొంతుకి స్వేచ్ఛ వచ్చింది, మాటకి రాలేదు, వరసకి మన మనవలు పెద్దవాళ్ళయ్యేదాకా రాదు.

మా వ్యాపారంలో దీనికి ఒక మాటుంది, కాలదోషం. బాకీకి గడువు దాటితే కోర్టు వసూలు చేసిపెట్టదు. చట్టానికి ఏదో ఒకరోజు పుస్తకం మూయాలి కాబట్టి ఆ తేదీ. అంతేగాని డిసెంబరు 31 రాత్రి ఉన్న బాకీ తెల్లారేసరికి ఆవిరైందని కాదు. కాలదోషం పట్టిన తండ్రి బాకీని కొడుకు పిలిచి తీర్చిన ఇళ్ళు మా వైపు ఉన్నాయి, అలాంటివాడికి బజార్లో పరపతి వేరు. రంగూన్‌లో తెలుగు పాటకి మొదట్నుంచీ కాలదోషమే పట్టి ఉంది. చట్టం అడగదు. అడగనప్పుడు ఇవ్వవలసింది ఏమైనా ఉందా అన్నది అక్కడ ఉన్నంత స్పష్టంగా ఇంకెక్కడా కనపడదు. హైదరాబాదులో మా మేనల్లుడికి చట్టమూ మనస్సాక్షీ ఒకే మాట చెబుతాయి. అందుకని తాను ఏది వింటున్నాడో వాడికి తెలియవలసిన అవసరం రాలేదు.

మామ్మగారు ఆ నోటుని ఏం చేశారో చెప్పలేదు కదూ. ఆదివారాలు గుడి వరండాలో పిల్లలకి అక్షరాలు నేర్పే చోట పలకలూ పుస్తకాలూ కొనమని ఇచ్చారు. "ఆయన పాట ఇని ఈల్లు మాటలు నేరుస్తారు. ఆయనికి అందినట్టే," అన్నారు. నా చదువు దీన్ని ఒప్పుకోదు. అప్పు ఒకరికి ఉండి ఇంకొకరికి కడితే చెల్లు రాయరు. తర్వాత తట్టింది, మన పెద్దలు చెప్పిన ఋషిఋణం అచ్చంగా ఇదే. ఋషులకి డబ్బు ఎవరూ పంపరు. చదవడం వల్ల, చదువు చెప్పడం వల్ల ఆ ఋణం తీరుతుందన్నారు. అయితే ఋషికి ఇంటి అద్దె లేదు. రికార్డింగు థియేటరు బయట రోజు కూలికి వయొలిన్ పట్టుకుని నిలబడినవాడికి ఉంది. బతికున్నవాడికి పలకలు కొని చెల్లు రాసుకోవడం మోసం. ఘంటసాలగారి విషయంలో మామ్మగారిదే సరైన పద్దని నేను మెల్లగా ఒప్పుకున్నాను. ఇప్పుడు పాడుతున్నవాళ్ళ విషయంలో ఒప్పుకోను.

2021లో సైన్యం మళ్ళీ గద్దె ఎక్కాక నేను అక్కడినుంచి వచ్చేశాను. ఇప్పుడు నెలకింత కట్టి ఫోన్లో వింటాను. అంతా సక్రమం. దింపుకునేది లేదు, రైట్ చేసేది లేదు, కట్టడం మానేస్తే మర్నాడు ఒక్క పాట ఉండదు. ఒకరి చేతిలో పెట్టడానికి ఏమీ మిగలదు. ఏడుసార్లన్న షరతు చూసి అప్పట్లో నవ్వాను గానీ, ఏడు మిగిలేవి కదా అనిపిస్తుంది ఇప్పుడు.

అనవ్‌రతా రోడ్డు కుర్రాడు బండి ఎత్తేసి ఫోన్లు బాగుచేస్తున్నాడు. మామ్మగారు పోయారు. ఆవిడ డిస్కులు గుడివాళ్ళకి చేరాయట, వానాకాలం బూజు పట్టి చాలావరకు తిరగడం లేదట. పిల్లల బడి కోసం పదకొండు పాటల జాబితా పంపాడు. కరెంటు గంటల లెక్కన వస్తోంది, నెట్ ఎప్పుడుంటుందో తెలీదు, మెమరీ కార్డులో వేసి ఎవరిచేతైనా పంపితే చాలన్నాడు. తొమ్మిది పాతవి, నా దగ్గరున్నాయి. రెండు ఈమధ్యవి, పాడినవాళ్ళూ కట్టినవాళ్ళూ ఇంకా పనిలో ఉన్నవాళ్ళు. అవి కొని ఉంచమని మేనల్లుడికి రాశాను.

"యూట్యూబులో ఊరికే వస్తాయి కదా మావయ్యా, కొనడమెందుకు?" అన్నాడు.

నెట్ ఉన్నచోట వస్తాయిరా అన్నాను.

"సరే, లిస్టు పంపు," అన్నాడు.